అన్యలోకవాసితో ఇరుగుపొరుగు: వైజ్ఞానిక కల్పన కథలపై కొన్ని ఆలోచనలు

ఈ సంవత్సరం మన వార్షిక సంచిక తెలుగు విభాగానికి వచ్చిన కథానికలను చదివి ఎంపిక చేసే బాధ్యత నా మీద పడినది. వచ్చిన వాటిలో నాలుగు కథలలో గ్రహాంతరవాసులు కనిపించారు. ఒక కథలో వారి నౌక ధవళేశ్వరం ఆనకట్ట మీద దిగినది. మరొక దానిలో కోనసీమ కొబ్బరితోటలో దిగినది. మూడవ దానిలో సరాసరి మన కళాశాల ఆటస్థలంలోనే దిగినది. వచ్చినవారి చర్మం పచ్చగా ఉన్నది, తలలు పెద్దవిగా ఉన్నవి, కన్నులు ఒకరికి ఒకటి, మరొకరికి మూడు. అయినా ఈ మూడు కథలలోని అతిథులూ దిగీ దిగగానే చక్కని తెలుగులో ఉపన్యసించారు. యుద్ధాలు మానండి, చెట్లు నరకకండి అని మానవజాతికి హితవు చెప్పి, కనీసం మంచినీళ్లయినా పుచ్చుకోకుండా వెళ్లిపోయారు. ఆ హితవులో దోషమేమీ లేదు. కాని అంతమాత్రం చెప్పడానికి అన్ని కోట్ల మైళ్లు ప్రయాణం చేసి రావలసిన పని లేదు. పంద్రాగస్టు నాడు జెండా క్రింద నిలబడి మన పెద్దలు ఏటేటా చెబుతున్న మాటలే అవి.

నాలుగవ కథ సంగతి వేరు. దానిని గురించి తరువాత ప్రస్తావిస్తాను.

ఈ అభ్యంతరం చెప్పినప్పుడు కథ వ్రాసిన ఒక విద్యార్థి నన్ను ఇలా అడిగాడు: "మరి వాళ్లని ఏ భాషలో మాట్లాడమంటారండీ?" అడిగిన తీరు అమాయకమే కాని ప్రశ్న చాలా గట్టిది. ఆ నిమిషాన నేను సూటిగా సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ సమాధానం కోసం చేసిన ప్రయత్నం.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. రూపంలో అన్యమైన జీవి వేరు, బుద్ధిలో అన్యమైన జీవి వేరు. మొదటి దానిని సృష్టించడం సులభం, మనిషికి రెండు కొమ్ములు తగిలిస్తే చాలును. రెండవ దానిని ఊహించడం కష్టం. ఆ జీవి ఆలోచిస్తుంది, బహుశా మనకన్న బాగా ఆలోచిస్తుంది, కాని మనవలె ఆలోచించదు. దానికి దేనిమీద ఆశ, దేనివలన భయం, ఏది మర్యాద, ఏది అపరాధం అన్న విషయాలు మనకు సులభంగా అంతుపట్టవు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1898లో పుస్తకంగా వెలువరించిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవలలో కుజగ్రహవాసులు భూమిమీద దండెత్తి వచ్చారు. ఆ తరువాత చాలాకాలం ఇటువంటి కథలలో అన్యలోకవాసి శత్రువుగానో, ఉపదేశకుడుగానో ఉంటూ వచ్చాడు. శత్రువైతే యుద్ధంతో కథ ముగుస్తుంది, గురువైతే ఉపదేశంతో ముగుస్తుంది. అతడే పొరుగువాడైతే కథ అంత సులభంగా ముగియదు. మరునాడు ఉదయం లేచి మరల ముఖముఖాలు చూచుకోవలసిందే కదా!

మన సాహిత్యంలో మానవేతర ప్రాణులకు కొదవ లేదు. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల ఆదరం పొందిన శ్రీనాథుడు తన శృంగార నైషధంలో నలదమయంతుల నడుమ హంస చేత రాయబారం చేయించాడు. ఆ హంస మాటలలోని చాతుర్యం ఏ ఆస్థాన పండితునికీ తీసిపోదు. హంసకు మాత్రమే తోచగలిగిన మాట ఒక్కటి అది పలుకుతుందా అంటే, పలకదు. పలకాలని కవి ఉద్దేశం కూడ కాదు. ఇక మా ఇండ్లలో అమ్మమ్మలు చెప్పే కథలలో జిన్నులుంటారు. వారు పొగలేని అగ్నినుండి సృష్టింపబడినవారని ఖురాను చెబుతున్నది. ఆ గ్రంథంలో వారి పేరుమీదనే ఒక సూరా కలదు. మానవులతోబాటు ఈ భూమి మీదనే ఉంటూ, కంటికి కనబడక, వారిలోనూ మంచివారు చెడ్డవారు కలిగి, వారి సంసారాలు వారు చేసుకుంటూ ఉండే మరొక ప్రజ అన్న భావన బాల్యంలోనే మాకు అలవడినది. చీకటి పడిన తరువాత చింతచెట్టు క్రిందకు వెళ్లేటప్పుడు సలాం చెప్పి వెళ్లమని మా అమ్మమ్మ అనేది. చెట్టు క్రింద ఎవరున్నారో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలన్న పట్టుదలా లేదు. మర్యాద మాత్రం తప్పనిసరి.

మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఇంకొక గ్రంథం పరిచయం ఉండవచ్చును. 10వ శతాబ్దంలో బస్రా నగరంలోని 'ఇఖ్వానుస్సఫా' అనే విద్వద్బృందం వ్రాసిన రిసాలాలలో ఒక వ్యాజ్యం కథ ఉన్నది. దానిని మౌల్వీ ఇక్రామ్ అలీ 1810లో కలకత్తా ఫోర్టు విలియం కళాశాల పక్షాన ఉర్దూలోకి తెచ్చారు. ఓడ పగిలి ఒక ద్వీపానికి చేరిన మానవులు అక్కడి జంతువులను పట్టి కాడి కట్టడం, బరువులు మోయించడం మొదలుపెడతారు. జంతువులు ఆ ద్వీపాన్ని ఏలే జిన్నుల రాజు కొలువులో ఫిర్యాదు చేస్తాయి. మేము నిటారుగా నడుస్తాము కాబట్టి యజమానులమని మానవులంటే, ఎవరి ఆహారానికి తగిన ఆకారం వారికి దేవుడిచ్చాడని జంతువులు జవాబిస్తాయి. తీర్పు చివరకు మానవుల పక్షానే వస్తుంది. నాకు ఆ తీర్పుకన్న న్యాయమూర్తి ముఖ్యం. వాదీ కాని, ప్రతివాదీ కాని మూడవ జాతివాడు విచారణ జరుపుతున్నాడు. మానవుడు తన యోగ్యతను తన పంచలో తానే నిర్ణయించుకోకుండా, ఇతరుని ముందు చేతులు కట్టుకుని నిలబడి రుజువు చేసుకోవలసి వచ్చినది. వెయ్యేండ్లనాటి రచనకు ఇది చిన్న సాహసం కాదు.

ఆధునిక తెలుగులో ఈ విషయానికి అతి సమీపంగా వచ్చిన రచన, నేనెరిగినంతలో, విశ్వనాథ సత్యనారాయణ గారి 'హాహా హూహూ' అనే చిన్న నవల. గుర్రపు తల, మనిషి దేహం, రెక్కలు గల ఒక గంధర్వుడు గాయపడి లండను నగరంలోని ట్రఫాల్గర్ స్క్వేరులో పడి ఉంటాడు. జనం గుమిగూడతారు. అతనిని బోనులో పెడతారు. అతడు మాట్లాడేది సంస్కృతమని తెలిసి, ఆ భాష వచ్చినవారిని పిలిపిస్తారు. వారు అతనిని పరీక్షిస్తున్నామనుకుంటూ ఉండగా అతడే వారిని పరీక్షించి, వారి విజ్ఞానాన్ని చూచి నవ్వుతాడు. బోను అతనికొక లెక్క కాదు, తలచుకున్నప్పుడు ఎగిరిపోతాడు. ఈ నవలకు వెల్చేరు నారాయణరావు గారి ఆంగ్లానువాదం 2018లో వెలువడిన తరువాత ఇతర ప్రాంతాలవారు కూడ దీనిని ఆసక్తితో చదివారు. ఏలుబడిలో ఉన్న దేశపు రచయిత ఏలినవారి నగరం నడిబొడ్డున ఇటువంటి జీవిని పడవేసి, వారి శాస్త్రాన్ని గేలిచేయడంలోని వ్యంగ్యం చాలా పదునైనది. ఒక్క విషయం మాత్రం గమనించాలి. ఆ గంధర్వుడు లండనుకు అన్యుడు, మనకు చుట్టం. అతని భాష మన పండితుల భాష, అతని లోకం మన పురాణాలలో ఉన్నది. తెలుగు పాఠకుడు ఆ నవల చదువుతూ బోను బయటగాక బోనులోపలి వాని పక్షాననే నిలబడతాడు. అందులో గొప్ప వినోదం ఉన్నది. కాని మనకెవరికీ చుట్టం కాని జీవి ఎదురైతే ఏమిచేస్తామన్న ప్రశ్న అక్కడ పుట్టదు. మన కోనసీమవారే అయిన యండమూరి వీరేంద్రనాథ్ గారు తమ నవలలలో అంతరిక్షాన్ని వేలాది తెలుగు పాఠకుల ఇండ్లకు తెచ్చారు. ఈ పొరుగు సమస్య మీద నిలబడిన కథానికలు మాత్రం మనకు ఇంకా రావలసి ఉన్నది.

అందుచేత ఉదాహరణలకు కొంచెం దూరం వెళ్లక తప్పదు. 1934 జులైలో అమెరికాలో స్టాన్లీ వైన్‌బామ్ అనే యువకుని తొలి వైజ్ఞానిక కథ 'ఎ మార్షియన్ ఒడిస్సీ' వెలువడినది. మరుసటి సంవత్సరాంతానికే, 33 ఏండ్ల వయసులో ఆయన మరణించాడు. కుజగ్రహం మీద వాహనం కూలి ఒంటరియైన జార్విస్ అనే రసాయన శాస్త్రజ్ఞునికి, ఏదో నల్లని తాళ్లవంటి చేతులలో చిక్కి పెనుగులాడుతున్న పక్షివంటి ప్రాణి కనిపిస్తుంది. తనకెందుకని పోబోయేవాడే. అంతలో ఆ ప్రాణి మెడలో చిన్న నల్ల సంచి వ్రేలాడుతుండడం చూస్తాడు. సంచి ఉన్నదంటే బుద్ధి ఉన్నది! వెంటనే విడిపిస్తాడు. ఆ ప్రాణి పేరు ట్వీల్. దాని భాష జార్విస్‌కు ఎంతకూ పట్టుబడదు. ఒక వస్తువును ఈ క్షణాన ఒక మాటతో పిలిస్తే, రెండు నిమిషాల తరువాత మరొక మాటతో పిలుస్తుంది. అదే ఆంగ్లపదాలు అయిదారు నేర్చుకుని వాటితోనే నెట్టుకువస్తుంది. లెక్కలు మాత్రం ఇద్దరికీ ఒకటే. తక్కువ బుద్ధిగల జీవిని గురించి చెప్పవలసివస్తే "ఒకటి ఒకటి రెండు" అంటుంది, ఎక్కువ బుద్ధి గలవారికి "రెండు రెండు నాలుగు" అంటుంది. మధ్యమధ్య ఆకాశానికెగిరి ముక్కు నేలలో గుచ్చుకునేటట్లు దిగుతుంది. ఎందుకో జార్విస్‌కు తెలియదు, మనకూ తెలియదు. అదే కథలో పది నిమిషాలకొక ఇటుక చొప్పున తన దేహంనుండి వెలువరించి, తన చుట్టూ పేర్చుకుంటూ, యుగాలుగా పిరమిడ్లు కడుతున్న ఇసుకరాతి జీవి ఒకటి ఉన్నది. అది ఎవరి కోసం కడుతున్నదంటే ఎవరి కోసమూ కాదు, అది దాని బ్రతుకు. చివర ప్రాణాపాయం వచ్చినప్పుడు ట్వీల్ ఎగిరి తప్పించుకోగలిగి కూడ జార్విస్ ప్రక్కన నిలబడి పోరాడుతుంది. నీవు నిజంగా మనిషివి అని జార్విస్ మెచ్చుకుంటాడు. మరుక్షణంలో అతనికే అనుమానం వస్తుంది, అది మెప్పు అవుతుందా అని. ఎందుకంటే మనుషులలో ఎందరు ఆ పని చేస్తారు?

ఇందులో ముఖ్యమైన సంగతి, స్నేహానికి పూర్తి అవగాహన అవసరం లేకపోయినది. అయిదారు మాటలు, కొంచెం లెక్క, ఒక ఆపద సరిపోయినవి.

దీనికి పూర్తిగా ఎదురుకొసన పోలెండు రచయిత స్టానిస్లా లెమ్ 1961లో ప్రచురించిన 'సొలారిస్' ఉన్నది. అది నవల కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక గ్రహాన్నంతా ఆవరించిన సముద్రమే అక్కడి జీవి. దానిమీద శాస్త్రజ్ఞులు ఒక గ్రంథాలయం నిండేటన్ని పుస్తకాలు వ్రాసినా, అది తమను గమనిస్తున్నదో లేదో కూడ తేలదు.

ఇక భాష సంగతి. నా విద్యార్థి అడిగిన ప్రశ్నకు బహుశా అతి చక్కని సమాధానం టెడ్ చియాంగ్ 1998లో ప్రచురించిన 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్' అనే కథలో దొరుకుతుంది. 'అరైవల్' అనే పేరుతో 2016లో చిత్రంగా కూడ వచ్చినది. అందులోని సప్తపాదులకు ఏడు కాళ్లు, చుట్టూ కన్నులు. కాబట్టి వారికి ముందు, వెనుక అనే తేడా లేదు. వారు పలికే భాషకు, వ్రాసే భాషకు సంబంధం లేదు. వ్రాతలో వాక్యమంతా ఒకే అల్లికగా ఉంటుంది. చివరి భాగం ఎలా ఉండబోతున్నదో తెలియకుండా మొదటి గీత గీయడం సాధ్యం కాదు. ఆ లిపి నేర్చుకున్న భాషాశాస్త్రవేత్త లూయీస్ బ్యాంక్స్‌కు క్రమంగా కాలమే వేరుగా కనబడసాగుతుంది, జరగబోయేది జ్ఞాపకంవలె తోస్తుంది. వారు ఎందుకు వచ్చారో చెప్పకుండానే ఒకనాడు వెళ్లిపోతారు. అన్యుని దేహానికీ, చూపుకూ, భాషకూ, కాలభావనకూ మధ్య ఇట్లు ఒక లంకె ఏర్పరచడమే రచయిత చేయవలసిన పని. పచ్చరంగు పూయడం కాదు. ఇటువంటి ఊహకు ప్రకృతిలోనే ఆధారాలున్నవి. మన తీరపు సముద్రంలోనే తిరిగే ఆక్టోపస్‌కు మూడు గుండెలు, నాడీకణాలలో ఎక్కువ భాగం తలలో గాక చేతులలో ఉంటాయి. ఒక్కొక్క చేయి కొంతవరకు తన యోచన తాను చేసుకోగలదు. అటువంటి ప్రాణికి 'నేను' అన్న మాటకు ఏమి అర్థముంటుంది?

సహజీవనాన్ని గురించి ఇప్పటికి నేను చదివిన వాటిలో గాఢమైన కథానిక ఆక్టేవియా బట్లర్ వ్రాసిన 'బ్లడ్‌చైల్డ్'. ఈమె అమెరికన్ నల్లజాతి రచయిత్రి (1947-2006). కథ 1984లో ప్రచురితమై, ఆ రంగంలో పెద్ద బహుమతులైన హ్యూగో, నెబ్యులా రెండూ పొందినది. భూమిని విడిచి పారిపోయి వచ్చిన మానవులు ట్లిక్ అనే జాతి గ్రహంలో ఆశ్రయం పొంది ఉంటారు. ట్లిక్‌లు కణుపు కణుపులుగా దేహం, అనేకమైన కాళ్లు, తోకన కొండి గల ప్రాణులు. వారి గ్రుడ్లు పొదగడానికి వేరొక ప్రాణి దేహం కావాలి, అందుకు మనుషులు బాగా పనికివస్తారు. మనుషుల కోసం ఒక రక్షితస్థలం ఏర్పాటైనది. ప్రతి కుటుంబం ఒక బిడ్డను ఈ కార్యానికి ఇవ్వాలి. గాన్ అనే బాలుడు పుట్టకముందే ట్గాటోయ్ అనే ట్లిక్ అధికారిణికి నిర్ణయింపబడినవాడు. ఆమె ఆ ఇంటిలో మనిషివలె మెలగుతుంది, గాన్ ఆమె ఒడిలోనే పెరిగాడు. ఒకనాడు మరొక మనిషి దేహాన్ని కోసి పురుగుపిల్లలను బయటకు తీయడం అతడు కళ్లారా చూస్తాడు. ఆ రాత్రి వంటయింటిలో, చట్టవిరుద్ధంగా దాచుకున్న తుపాకీ చేతబట్టి, ట్గాటోయ్‌కి ఎదురుగా కూర్చుంటాడు.

ఆ సంభాషణే కథకు ప్రాణం. ఆమెకు అతనిమీద ప్రేమ ఉన్నది, అతనికీ ఉన్నది. ఆమెకు అవసరమూ ఉన్నది, అధికారమూ ఉన్నది. తాను కాదంటే తన అక్క దేహం ఆ పనికి పోతుంది. చివరకు గాన్ ఒప్పుకుంటాడు, కాని తుపాకీని ఇంటిలోనే ఉంచాలని షరతు పెడతాడు. మమ్మల్ని పెంపుడు జంతువులుగా గాక భాగస్వాములుగా చూచే పక్షంలో, భాగస్వామి వలన రాగల ప్రమాదాన్ని కూడ అంగీకరించమంటాడు. ఆమె అంగీకరిస్తుంది. ఇది న్యాయమైన ఒడంబడికా అంటే నేను చెప్పలేను. నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ చివరి పేజీ దగ్గర నా అభిప్రాయం మారినది.

బట్లర్ నల్లజాతి రచయిత్రి కాబట్టి ఇది బానిసత్వాన్ని గురించిన కథయే అని ఎందరో వ్యాఖ్యానించారు. ఆమె మాత్రం తరువాత ఆ కథను పుస్తకంగా ప్రచురించినప్పుడు, ఇది బానిసత్వపు కథ కాదని స్పష్టంగా వ్రాసింది. ఇది ప్రేమకథ, ఒక బాలుడు పెద్దవాడైన కథ, పరాయి లోకంలో నివాసానికి మనుషులు చెల్లించే అద్దెను గురించిన కథ అన్నది. పెరూ అడవులకు వెళ్లబోతూ, మనిషి చర్మం క్రింద పిల్లలను పెంచే ఒకరకం ఈగను గురించిన భయంలోనుంచి అది పుట్టినదట. ఆమె పట్టుదల మొదట నాకు వింతగా తోచినది. మన నాలుగవ కథ చదివిన తరువాత ఆమె పట్టుదలకు కారణం బోధపడినది.

ఆ కథలో వేరొక గ్రహంనుండి వచ్చిన ఒక కుటుంబం గోదావరి ఒడ్డున ఒక పట్టణంలో అద్దె ఇంటికోసం తిరుగుతుంది. వారి చర్మం నీలం. 'టు-లెట్' బోర్డు ఉన్న ప్రతి ఇంటిలోను గది చూపిస్తారు, అద్దె చెబుతారు. పేరు అడిగిన తరువాత, మా చుట్టాలు వస్తున్నారండీ అంటారు. వ్రాసిన విద్యార్థిని పిలిచి మాట్లాడాను. "ఆ నీలంరంగువాళ్లం మనమే కదండీ" అన్నాడు. అతడు ఎక్కడనుండి వ్రాశాడో నాకు తెలుసు. అటువంటి గడపల ముందు నేనూ నిలబడినవాడినే. కథ నన్ను కదిలించినది. అయినా వద్దన్నాను.

కారణం ఇది. ఆ ఇంటి యజమాని మనస్సులో ఉన్న అబద్ధం ఒక్కటే, వచ్చినవాడు తనవంటి మనిషి కాడని. కథకుడు నీలంరంగు పూసి ఆ అబద్ధాన్ని ఉచితంగా నిజం చేసి ఇచ్చాడు. ఆ కుటుంబంలో తండ్రికి జ్వరం వస్తుంది, తల్లి అన్నం వండుతుంది, పిల్లవాడు బడికి పోవాలని ఏడుస్తాడు. ఇందులో అన్యలోకమెక్కడున్నది? మన సంచికనే చూడండి. ఉర్దూవారు కుడివైపునుండి తెరుస్తారు, తెలుగువారు ఎడమవైపునుండి తెరుస్తారు. లిపులు ఎదురెదురుగా నడుస్తాయి. కాని "నేను బడికి వెళ్లాను" అన్నా, "మైఁ మద్రసే గయా" అన్నా, క్రియ వచ్చి చివరనే కూర్చుంటుంది. ఆలోచన ఒకే దారిన నడిచి ఒకే చోట ఆగుతుంది. సప్తపాదుల లిపికీ మనకూ ఉన్న దూరం ఇటువంటిది కాదు.

అన్యలోకవాసులను దృష్టాంతంగా వాడి విజయం సాధించినవారు లేకపోలేదు. 2009లో వచ్చిన 'డిస్ట్రిక్ట్ 9' అనే చిత్రం దక్షిణాఫ్రికా వర్ణవివక్షను జ్ఞాపకం చేస్తూ, జొహాన్నెస్‌బర్గ్ మురికివాడలో గ్రహాంతరవాసులను నివసింపజేసినది. శక్తిమంతమైన చిత్రమే. కాని అందులో నైజీరియన్లను చూపిన తీరుకు ఆ దేశ ప్రభుత్వం తీవ్రంగా అభ్యంతరం చెప్పినది. ఒక జాతిని పరాయివారిని చేయరాదని చెప్పబోయి మరొక జాతిని అంతపనీ చేశారన్నమాట!

మరి నిజమైన అన్యుని గురించి వ్రాయదలచినవారు ఎక్కడ మొదలుపెట్టాలి? దగ్గరి నక్షత్రానికే వెలుతురు చేరడానికి నాలుగేండ్లకు పైగా పడుతుంది. ఇతర నక్షత్రాల చుట్టూ ఇప్పటికి 5,000కు పైగా గ్రహాలు కనుగొన్నా, ఎక్కడా జీవం ఉన్నట్లు నిర్ధారణ కాలేదు. నేను విద్యార్థులకు పులసతో మొదలుపెట్టమన్నాను. తరగతిలో నవ్వారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత తప్ప దానిని గురించి మనకేమి తెలుసు? సముద్రంలో ఇలసగా ఉన్న చేప, వరదనీరు ఎర్రగా రాగానే, గ్రుడ్లు పెట్టడానికి ప్రవాహానికి ఎదురీది గోదావరిలోకి వస్తుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటినుండి దాని దారికి మనం అడ్డంగా ఉన్నాము. ఆ ఎర్రనీరు దానికెలా తెలుస్తుంది, ఆ గోడ దానికి ఏమిటి అన్నది చేపవైపునుండి ఒక పేజీ వ్రాయమన్నాను. చేప చేత తెలుగు మాట్లాడించకూడదని షరతు. ముప్పయిమందిలో ఇద్దరు మాత్రం పేజీ నింపగలిగారు.

ఆ ఇద్దరిలో నాలుగవ కథ వ్రాసిన విద్యార్థి ఒకడు. నెల తరువాత అతడు తన కథను రెండుగా చీల్చి తెచ్చాడు. మొదటి దానిలో నీలంరంగు లేదు. అద్దె ఇల్లు, టు-లెట్ బోర్డు, పేరు అడగడం, అంతే. మనుషులు, వారి అసలు పేర్లతో. రెండవ దానిలో, వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు పూడిక తీస్తున్న కూలీలకు అడుగు మట్టిలో ఏదో ఒకటి కనబడుతుంది. పార తగిలితే ముడుచుకుంటుంది. అది మాట్లాడదు. మేస్త్రీ చాలాసేపు చూచి, దాని చుట్టూ రెండు గజాల మట్టి తీయవద్దని కర్రలు పాతిస్తాడు. ఆ పూట నుంచి కూలీలు అక్కడ అన్నం తినేటప్పుడు చెప్పులు విడిచి కూర్చుంటారు, ఎవరూ చెప్పకుండానే. జూన్‌లో నీరు వదులుతారు. మరుసటి వేసవికి కర్రలు అక్కడే ఉన్నవి, కాని చతురస్రంగా పాతినవి గుండ్రంగా ఉన్నవి.

అది ఏమిటని అడిగాను. "నాకూ తెలియదండీ" అన్నాడు. రెండు కథలూ ఈ సంచికలోనే వేశాము.